చలికాలం: కుంపటి మంచిదా, హీటరు మంచిదా?

సంక్రాంతి ముందు వచ్చే చలి ముసలివాళ్లకూ, పసిపిల్లలకూ, ఉబ్బసం ఉన్నవాళ్లకూ పరీక్షా సమయం. కోస్తాలో రెండు దుప్పట్లతో గడిచిపోవచ్చు. కాని ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లోనూ, పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లోనూ డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడుకంటే కిందికి దిగే రాత్రులు ఏటా వస్తూనే ఉంటాయి. లంబసింగిని 'ఆంధ్రా కాశ్మీరు' అని ఊరికే అనలేదు!

మరి మన ఇళ్లు? అవి ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. పైన వెంటిలేటర్లు, తలుపు కింద అంగుళం సందు, సరిగా మూతపడని కిటికీ రెక్కలు, పెంకుల మధ్య నుంచి కనిపించే ఆకాశం. వేసవిలో ఇవన్నీ వరాలే. చలికాలంలో మాత్రం ఇంట్లో పడుకున్నా వీధి అరుగు మీద పడుకున్నట్టే ఉంటుంది. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఉన్న తలుపులన్నీ బిగిస్తారు, సందుల్లో గుడ్డలు కుక్కుతారు. అప్పటికీ చలి ఆగకపోతే గదిలోకి నిప్పు తెస్తారు.

తలుపులు బిగించడం తప్పు కాదు. ఆరుబయట నిప్పు కాచుకోవడమూ తప్పు కాదు. ఈ రెండూ ఒకే గదిలో కలిసినప్పుడే ప్రాణాపాయం వస్తుంది. ఈ ఒక్క విషయం బాగా అర్థమైతే ఏ హీటరు కొనాలి, దాన్ని ఎలా వాడాలి అన్నవి సులువుగా తేలిపోతాయి.

నివురుగప్పిన నిప్పు

బొగ్గు, కట్టె, పిడక, గ్యాసు, కిరసనాయిలు - వీటిలో ఏది మండినా గాలిలోని ప్రాణవాయువును వాడుకుంటుంది. గాలి ధారాళంగా అందుతున్నంతసేపూ బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా తయారవుతుంది. గాలి చాలనప్పుడు, అంటే మంట మందగించి నిప్పు నివురుగప్పి ఉన్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువవుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. కంట్లో మంట పుట్టించదు, దగ్గు తెప్పించదు. పక్కనున్నా పసిగట్టలేము.

రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయేది హిమోగ్లోబిన్. ఈ విషవాయువు హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ముందే ఎవరో ఆక్రమించుకుంటే అసలు ప్రయాణికుడు నిలబడిపోయినట్టు, ప్రాణవాయువుకు రక్తంలో చోటు దొరకదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది. మెదడుకూ, గుండెకూ మాత్రం అందవలసింది అందదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో నీరసం, ఆపైన మగత వస్తాయి. మెలకువగా ఉన్నవాడు ఏదో తేడాగా ఉందని బయటికి వెళ్లే అవకాశం ఉంది. నిద్రలో ఉన్నవాడికి ఆ అవకాశం లేదు. నిద్ర నుంచి మగతలోకి, మగత నుంచి మృత్యువులోకి జారిపోతాడు.

ఢిల్లీ వంటి చోట్ల అంగీఠీ పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి శవాలై కనిపించిన వార్తలు చలికాలం వచ్చిందంటే పత్రికల్లో చూస్తూనే ఉంటాము. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండ ఊరికి కేరళ నుంచి విహారయాత్రకు వెళ్లినవారిలో 8 మంది, వారిలో నలుగురు పిల్లలు, గ్యాసు హీటరు వెలిగించి తలుపులు బిగించుకున్న గదిలో పడుకుని మరి లేవలేదు. చదువుకుని, అన్నీ తెలిసినవారికి కూడా ఈ వాయువు ఉనికి తెలియదని గ్రహించండి.

"మా అమ్మమ్మ కుంపటి పెట్టుకోలేదా?"

ఈ ప్రశ్న మీలో చాలామంది అడుగుతారు. నిజమే, పెట్టుకుంది. కాని ఆమె కుంపటి పెట్టుకున్న ఇల్లు ఎటువంటిది? పెంకుల సందులు, మండువా, మూతపడని తలుపులు. ఏ గాలి కొట్టి చలేస్తోందని ఆమె విసుక్కుందో, ఆ గాలే విషవాయువును బయటికి తీసుకుపోయి ఆమెను కాపాడింది. ఈనాటి గది వేరు. కాంక్రీటు కప్పు, గాజు తలుపుల కిటికీలు, వెంటిలేటరు స్థానంలో ఏసీ. పాత కుంపటిని కొత్త గదిలో పెడితే పాత ఫలితం రాదు. పాత ఇంట్లోనే ఉన్నా, సందులన్నీ గుడ్డలతో మూసేస్తే అదీ కొత్త గదితో సమానమే.

అన్నిటికంటే ఆందోళన కలిగించేది బాలింత గది. పుట్టింట్లో పురుడు పోసుకున్న అమ్మాయికి 'చలిగాలి తగలకూడదు' అని కిటికీలు మూసి, చెవుల్లో దూది పెట్టి, మంచం కింద కుంపటి పెట్టే ఆచారం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. ఆ నిప్పుల మీదే సాంబ్రాణి, వాము వేస్తారు. పెద్దల ప్రేమను తప్పుపట్టలేము. కాని పుట్టిన బిడ్డ నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది. పెద్దవాళ్లు తీసేది 12 నుంచి 20 సార్లే. గదిలో చెడు గాలి ఉంటే పెద్దలకంటే ముందు, పెద్దలకంటే ఎక్కువగా దెబ్బతినేది ఆ బిడ్డే. అందువల్ల బాలింత గదిలో కుంపటి వద్దు, పొగా వద్దు. పెద్దవాళ్లు నొచ్చుకుంటే "డాక్టరు వద్దన్నారు" అని మా మీద పెట్టండి!

బిడ్డకు వెచ్చదనం ఇవ్వడానికి కుంపటిని మించిన సాధనం తల్లి ఒడి. బిడ్డకు బట్టలు విప్పి, టోపీ, మేజోళ్లు తొడిగి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పాలి. బిడ్డ ముఖం, ముక్కు ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. తల్లికి నిద్ర వస్తే దగ్గర మరొకరు మెలకువగా కనిపెట్టి ఉండాలి. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఆస్పత్రుల్లో నేర్పే పద్ధతి ఇదే. బిడ్డ పొట్ట, పాదాలు తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే మంచిదే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి పట్టిందన్నమాట. రెండూ చల్లబడితే ఆ తల్లి ఒడి వెచ్చదనంలోనే ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ముందు గాలిని ఆపండి

"నిప్పు వద్దన్నారు కదా, రేపే హీటరు కొంటాము" అంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలవవు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకోండి. బయట 8 డిగ్రీలు, లోపల 18 డిగ్రీలు అనుకుందాం. ఆ గదిలోని గాలి గంటలో ఒక్కసారి పూర్తిగా మారిపోతే, సుమారు 115 వాట్ల హీటరు ఆ గంటసేపు ఇచ్చిన వేడి బయటికి పోతుంది. సందులున్న గదిలో అయిదుసార్లు మారిందంటే 1000 వాట్ల హీటరు ఇచ్చే వేడిలో సగానికి పైగా వీధిపాలే!

కాబట్టి మొదటి ఖర్చు ఒక ఊదువత్తి. గాలి వీస్తున్న రాత్రి ఫాను ఆపి, ఊదువత్తి వెలిగించి కిటికీ అంచుల వెంట, తలుపు చట్రం వెంట, గుమ్మం దగ్గర నెమ్మదిగా తిప్పండి. తెరలకూ బట్టలకూ మాత్రం దూరంగా. పొగ ఎక్కడ వంగిందో అక్కడ సందు ఉంది. చెక్కకూ గోడకూ మధ్య పగుళ్లను లప్పంతో పూడ్చండి. తలుపు కింద సందుకు పాత చీరను గొట్టంలా కుట్టి ఇసుకగాని, గుడ్డ పీలికలుగాని కూరి అడ్డం పెట్టండి. కిటికీకి నేల దాకా దిగే మందపాటి తెర వేయండి. పెంకుటింట్లో కప్పు కింద చాందినీ కట్టే పాత అలవాటు మంచిదే. మంచాన్ని కిటికీకీ, బయటి గోడకూ దూరంగా జరపండి. నేల మీద జంపఖానా పరవండి. ఈ పనులన్నిటికీ అయ్యే ఖర్చు హీటరు ధరలో చిన్న వంతు.

ఇదంతా కరెంటు హీటరు పెట్టుకునేవారికే సుమా! ఇంట్లో కట్టెల పొయ్యిగాని, గ్యాసు గీజరుగాని ఉంటే ఆ భాగంలో గాలి దారులు మూయకూడదు. వంట అయిన తరువాత గది వెచ్చబడుతుందని గ్యాసు స్టవ్ వెలిగించి వదిలేయడం, స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టి కిటికీ బిగించడం - రెండూ కుంపటితో సమానమైన ప్రమాదాలే.

ఏ హీటరు కొనాలి?

అంగడికి వెళితే "ఇది తక్కువ కరెంటు తింటుంది, ఎక్కువ వేడి ఇస్తుంది" అని ప్రతి హీటరు గురించీ చెబుతారు. నమ్మకండి. కడ్డీ ఎర్రబడే హీటరైనా, గాలి ఊదేదైనా, నూనె నింపినదైనా 1000 వాట్లది గంట పనిచేస్తే 1 యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. 860 కిలో కాలరీల వేడి వస్తుంది. అంతకంటే ఎక్కువా రాదు, తక్కువా రాదు. తేడా అంతా ఆ వేడి మీకు ఎలా అందుతుందనేదాంట్లోనే ఉంది.

కడ్డీ హీటరు: ఎర్రగా కాలే కడ్డీ ఎండలాగా సూటిగా మీ ఒంటిని వేడి చేస్తుంది. గదిలో గాలి కదులుతున్నా దీని వేడి అందుతుంది. అందుకే సందులున్న ఇంట్లో మెలకువగా కూర్చుని చదువుకునేవారికి, కాళ్లు కాచుకునేవారికి ఇది అనువైనది, చవకైనది. కాని బట్ట తగిలితే అంటుకుంటుంది. చిన్నపిల్లలు పాకే ఇంట్లో దీన్ని పెట్టకండి. నిద్రపోయేముందు తప్పక ఆపేయాలి.

ఫాన్ హీటరు: దీన్ని బ్లోయరు అని కూడా అంటారు. వేడిగాలిని ఊది చిన్న గదిని పది నిమిషాల్లో వెచ్చబరుస్తుంది. ఆపిన వెంటనే ఆ వెచ్చదనం పోతుంది. గాలి ఆడే ఇంట్లో దీని వేడి మనకు అందేలోగా సందుల్లోంచి పోతుంది. దుమ్ము లేపుతుంది కనుక ఉబ్బసం ఉన్నవారికి అంత మంచిది కాదు.

ఆయిల్ హీటరు: రెక్కల్లో నూనె ఉంటుంది, అది కాలిపోదు, తగ్గిపోదు. వెచ్చబడడానికి అరగంట పట్టినా, ఆపిన తరువాత కూడా కాసేపు వేడి ఇస్తుంది. ఎర్రగా కాలే కడ్డీ బయటికి ఉండదు, చప్పుడు ఉండదు. ధర ఎక్కువ. సందులు పూడ్చిన పడకగదికి, ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న గదికి, ఉన్నవాటిలో ఇదే మేలు. అయినా రెక్కలు చేయి కాలేంత వేడెక్కుతాయి. పిల్లలకు అందకుండా పెట్టాలి.

వేడిని కూడా ఇచ్చే ఏసీ: ఇది వేడిని పుట్టించడానికి బదులు బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది. అందువల్ల ఒక్క యూనిట్‌కు మామూలు హీటరుకంటే రెండు మూడు రెట్ల వేడి ఇవ్వగలదు. ఎలాగూ ఏసీ కొనదలచినవారు ఈ రకం గురించి ఆలోచించవచ్చు. గది సందులు పూడ్చకపోతే ఇదీ దండగే.

గ్యాసు హీటరు: పొగను బయటికి పంపే గొట్టం లేని గ్యాసు హీటరును పడకగదిలోకి రానివ్వకండి. వేరే మాట లేదు.

120 చదరపు అడుగుల గదికి మన చలికి 1000 నుంచి 1500 వాట్లు చాలు. కొనేటప్పుడు నాలుగు చూడండి: ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందా? కావలసిన వేడి రాగానే తనంతట తానే ఆగే థర్మోస్టాట్ ఉందా? పక్కకు పడిపోతే వెంటనే ఆగిపోయే స్విచ్ ఉందా? మూడు కాళ్ల ప్లగ్గు ఉందా?

మీ గోడలోని తీగను అడగండి

హీటరు మంచిదే కావచ్చు. ఇంటి వైరింగు దాన్ని మోయగలదా? మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 1380 వాట్లకు మించి మోయకూడదు. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, దానికి తగిన తీగ, సరైన ఎర్తింగు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు హీటరు తగిలించకండి. అరగంట వాడాక ప్లగ్గును తాకి చూడండి. వేడిగా ఉంటే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్తు లీకేజీ అయితే సరఫరాను ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే దాన్నీ పెట్టించుకోండి.

హీటరుకు చుట్టూ మూడడుగుల దూరంలో పరుపు, తెర, దుప్పటి, కాగితాలు ఉండకూడదు. దాని మీద తడి బట్టలు ఆరవేయకండి. స్నానాల గదిలోకి తీసుకుపోకండి. రాత్రంతా వెలిగించి నిద్రపోయే బదులు, పడుకునే ముందు ఒక గంట వెలిగించి గదినీ, పక్కనూ వెచ్చబరచి ఆపేయండి. ఆపైన మంచి రగ్గు కప్పుకుంటే చాలు. 1000 వాట్ల హీటరు రోజుకు 6 గంటలు నిలకడగా వెలిగితే నెలకు 180 యూనిట్లు అవుతాయి. ఆ లెక్కన బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుందేమో చూసుకోండి. ఒక గంటే అయితే 30 యూనిట్లే.

వేడినీళ్ల రబ్బరు సంచి కూడా మరవకండి. మరిగే నీళ్లు పోయకుండా, తువ్వాలు చుట్టి, పడుకోవడానికి ముందు పక్కలో పెట్టి, పడుకునేటప్పుడు తీసేయాలి.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తపోటు పెరుగుతుంది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు తెల్లవారుజామున వెచ్చని పక్కలోంచి ఒక్కసారిగా చలిలోకి వెళ్లకూడదు. చలి దేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. మన కొండ ఊళ్లకూ ఆ మాట పనికొస్తుంది. ముసలివారు చలిలో మాట ముద్దగా, మందకొడిగా ఉంటే "నిద్రమత్తు" అని వదిలేయకండి. ఒంటి వేడి 95 డిగ్రీల ఫారన్‌హీటు కంటే తగ్గితే అది ఆస్పత్రి చూడవలసిన స్థితి.

మధుమేహం ముదిరి పాదాలు మొద్దుబారినవారు హీటరుకు కాళ్లు చాపి కూర్చోకూడదు. చర్మం కాలుతున్నా వారికి తెలియదు. రోజూ ఒకే చోట సెగ తగిలితే చర్మం మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు వస్తాయి. కాశ్మీరులో బట్టల లోపల కాంగ్రీ అనే నిప్పుల బుట్ట పెట్టుకునేవారిలో ఏళ్లు గడిచాక తొడల మీద, పొట్ట మీద వచ్చే చర్మపు కాన్సరుకు వైద్యగ్రంథాల్లో 'కాంగ్రీ కాన్సరు' అనే పేరే ఉంది.

కొన్ని సందేహాలు

కరెంటు హీటరు గదిలోని ప్రాణవాయువును తినేస్తుందా?
తినదు. అక్కడ ఏదీ మండడం లేదు, తీగ వేడెక్కుతుందంతే. గాలి వేడెక్కితే పొడిగా అనిపిస్తుంది కనుక ముక్కు, పెదవులు ఎండుతాయి. నీళ్లు బాగా తాగండి; పెదవులకు కాస్త వెన్న రాసుకోండి.

పొగ రాకుండా బాగా రాజిన బొగ్గులైతే పరవాలేదా?
పరవా ఉంది. పొగ లేదంటే విషం లేదని అర్థం కాదు.

లంబసింగి, అరకు వెళ్లి గుడారంలో పడుకుంటాము. చలిమంటలోని నిప్పులు లోపల పెట్టుకోవచ్చా?
వద్దు. గుడారం గదికంటే చిన్నది. చలిమంట బయటే కాచుకుని, బయటే ఆర్పి లోపలికి వెళ్లండి.

ఆపద వస్తే

నిప్పు ఉన్న గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి, బయటికి రాగానే తగ్గితే అది పైత్యం కాదు, విషవాయువు. తలుపులు తెరిచి అందరినీ బయటికి చేర్చండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, మజ్జిగ, మరేదీ పోయకండి. "గదిలో కుంపటి ఉంది" అని డాక్టరుకు ముందుగా చెప్పండి. వేలికి పెట్టే ఆక్సిమీటరు చూసి ధైర్యపడకండి. ఈ విషం ఎక్కిన రక్తాన్ని అది మంచి రక్తంగానే చూపించగలదు. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది; ఆస్పత్రిలో పూర్తి ఆక్సిజన్ పెడితే సుమారు గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే ఆలస్యం చేయకూడదు.

కొత్త హీటరు కొనగలిగినవారు కొనండి. కొనలేనివారు సందులు పూడ్చి, మంచం జరిపి, రెండు రగ్గులు కలిపి కప్పుకోండి. నిప్పు కాచుకోవాలనిపిస్తే వాకిట్లో, పదిమందితో కలిసి కాచుకోండి. పడుకోబోయే ముందు మాత్రం కుంపటిని బయట పెట్టి, నీళ్లు చల్లి, అప్పుడు తలుపు వేయండి.